మందులేని సూది
నొప్పి ఉపశమనంలో ఆక్యుపంక్చర్ పాత్ర

ఎవరి నొప్పి వారికే తెలుస్తుందని పెద్దలంటారు. జ్వరాన్ని థర్మామీటరుతోను, రక్తపోటును యంత్రంతోను కొలవవచ్చు. నొప్పి విషయంలో మాత్రం వైద్యుడు సైతం రోగి చెప్పిన మాటనే ప్రమాణంగా తీసుకోవలసి ఉంటుంది. అందువల్లనే కాబోలు, నొప్పితో బాధపడేవారికి సలహాలకు కొదువ ఉండదు. క్యాంటీన్‌లో ఒకరు తైలం చెబుతారు, బస్సులో మరొకరు మాత్ర పేరు చెబుతారు. ఇటీవలి కాలంలో ఆ సలహాల వరుసలో ఆక్యుపంక్చర్ పేరు కూడ తరచుగా వినవస్తున్నది. ఆ చికిత్సను స్వయంగా పొందినవాడిగా, దానిని మరొకరికి సిఫారసు చేసి ఒక పొరపాటుకు కారకుడైనవాడిగా, తెలుసుకున్న నాలుగు విషయాలను సహోద్యోగులతోను, వారి కుటుంబసభ్యులతోను పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను ఇరవై సంవత్సరాలకు పైగా ఓవర్‌హెడ్ క్రేన్ క్యాబిన్‌లో పనిచేసినవాడిని. క్రింద కదిలే భారాన్ని చూడడానికి షిఫ్టు పొడుగునా మెడ వంచి, నడుము ముందుకు వాల్చి కూర్చోవలసిందే. నడుమునొప్పి మొదలైన తొలి రోజులలో దానిని లెక్కచేయలేదు. తరువాత నొప్పి మాత్రలు అలవాటయ్యాయి. చీటీ లేకుండానే మందుల దుకాణంలో దొరికే ఆ మాత్రలు భోజనం డబ్బాతో పాటు నా సంచిలో స్థిరనివాసం ఏర్పరచుకున్నాయి. అలా ఆరేడు సంవత్సరాలు గడిచాక, వార్షిక వైద్య పరీక్షలో రక్తంలోని క్రియాటినిన్ హద్దు దాటినట్లు తేలింది. "మీ నడుము కంటె ముందు మీ మూత్రపిండాలు రిటైరయ్యేటట్లున్నాయి" అన్నారు డాక్టరుగారు. ఎక్స్-రే, ఎం.ఆర్.ఐ. తీయించి, వెన్నుపూసల నడుమ డిస్కులు అరిగాయని, శస్త్రచికిత్స అవసరం లేదని నిర్ధారించారు. మాత్రలు మాన్పించి, వ్యాయామాలు నేర్పించారు. వాటితో పాటు కొన్నాళ్లు ఆక్యుపంక్చర్ ప్రయత్నించి చూడమని, ఆ విద్యలో శిక్షణ పొందిన ఒక వైద్యుని వద్దకు పంపారు.

మందు లేకుండా ఒట్టి సూది గుచ్చితే నొప్పి ఎలా తగ్గుతుందన్నది నాకు కలిగిన మొదటి సందేహం. మనకు సూదిమందు తెలుసు; సూదియే మందు కావడం ఏమిటి?

పుట్టుపూర్వోత్తరాలు

ఈ చికిత్స చైనాలో పుట్టింది. రెండువేల సంవత్సరాల నాటిదిగా భావించే 'హువాంగ్‌డీ నెయిజింగ్' అనే వైద్య గ్రంథంలో దీని వివరణ ఉన్నది. శరీరంలో 'చీ' అనే ప్రాణశక్తి కొన్ని మార్గాలలో ప్రవహిస్తుందని, ఆ ప్రవాహానికి అడ్డంకి ఏర్పడినపుడు రోగం, నొప్పి కలుగుతాయని, ఆ మార్గాలపై ఉన్న నిర్ణీత స్థానాలలో సూదులు గుచ్చితే ప్రవాహం చక్కబడుతుందని ప్రాచీన చైనా వైద్యుల సిద్ధాంతం. ప్రధాన మార్గాలు పన్నెండు. శరీర మధ్యరేఖ వెంబడి ముందు, వెనుక ఉండే రెండింటిని కలిపితే పద్నాలుగు. వీటిపైనున్న 361 స్థానాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికంగా గుర్తించి పేర్లు, సంఖ్యలు నిర్ణయించింది.

సూదులతో పాటు, ఎండబెట్టి నలిపిన ఒక ఆకును అంటించి ఆ స్థానాలకు వేడి తగిలించే 'మోక్సా' పద్ధతి కూడ ఉన్నది. ఆ ఆకు మనకు పరాయిది కాదు. వినాయక చవితి నాడు పూజించే పత్రిలోని మాచిపత్రి కుటుంబానికి చెందినదే. మన సుశ్రుతుడు చెప్పిన 107 మర్మస్థానాలు, చైనావారి ఈ స్థానాలు ఒకటేనని కొందరు భావిస్తారు. మర్మస్థానాలను సుశ్రుతుడు ప్రధానంగా చెప్పినది అక్కడ దెబ్బ తగిలితే ప్రమాదమని, శస్త్రవైద్యుడు వాటిని కాపాడుకోవాలని. అందుచేత రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

చైనాలో సైతం ఈ విద్య నిరంతరాయంగా ఆదరణ పొందలేదు. 1822లో చక్రవర్తి తన ఆస్థాన వైద్య సంస్థలో దీనిని నిషేధించాడు. 1950ల నుండి అక్కడి ప్రభుత్వం మరల ప్రోత్సహించడంతో ఇది ఆసుపత్రులలోకి ప్రవేశించింది. పాశ్చాత్య దేశాల దృష్టి దీనిపై పడడానికి ఒక పాత్రికేయుని కడుపునొప్పి కారణమైంది. 1971 జూలైలో చైనా పర్యటనలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు పెకింగ్‌లో అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగింది. సూదులతోనే మత్తు కలిగించి ఆయనకు ఆపరేషన్ చేశారన్న ప్రచారం నేటికీ ఉన్నది. నిజానికి ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే జరిగింది. ఆ తరువాత కడుపు ఉబ్బరించి బాధపడుతుండగా మోచేతి వద్ద, మోకాళ్ల క్రింద సూదులు గుచ్చారు. గంటలోగా ఉపశమనం కలిగిందని ఆయన వ్రాశాడు. ఈ విద్య చుట్టూ అతిశయోక్తులు ఎంత సులభంగా అల్లుకుంటాయో తెలుసుకోవడానికి ఈ ఉదంతం చాలు.

భారతదేశానికి వచ్చిన దారి

మన దేశానికి ఈ చికిత్స రావడం వెనుక ఒక స్నేహగాథ ఉన్నది. జపాన్ దాడికి గురైన చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యులను పంపింది. వారిలో షోలాపూర్‌కు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో చైనాలోనే కన్నుమూశారు. ఆయన జీవితంపై వి. శాంతారాం 1946లో తీసిన చలనచిత్రం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అదే బృందంలోని కలకత్తా వైద్యుడు డాక్టర్ బి.కె. బసు 1950ల చివరలో మరల చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో ప్రారంభించారు. అందుకే మన దేశంలో ఈ విద్యకు వంగదేశం పుట్టినిల్లు. దీనికోసం పశ్చిమ బెంగాల్ 1996లో ప్రత్యేక చట్టం చేసింది. 2019లో కేంద్ర ప్రభుత్వం దీనిని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది.

సూది చేసే పని ఏమిటి?

'చీ' ప్రవాహాన్ని గాని, ఆ మార్గాలను గాని శరీర నిర్మాణ శాస్త్రం కనుగొనలేదు. అయినప్పటికీ సూది గుచ్చినపుడు శరీరంలో కొన్ని మార్పులు కలుగుతాయన్నది పరిశోధనలలో తేలింది.

గుమ్మానికి మోకాలు కొట్టుకున్న పిల్లవాడు వెంటనే ఆ చోటును చేత్తో రుద్దుకుంటాడు. రుద్దితే నొప్పి కొంత తగ్గుతుంది. ఎందుకని? 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉన్నదని, స్పర్శ సంకేతాలు వచ్చినపుడు ఆ ద్వారం కొంతమేరకు మూసుకుని, మెదడుకు చేరే నొప్పి సంకేతాలు తగ్గుతాయని వారి సిద్ధాంతం. సూది కలిగించే ప్రేరణ కూడ ఇటువంటి పనే చేస్తుందని భావించారు.

రెండవ ఆధారం 1975లో లభించింది. మన మెదడే నల్లమందును పోలిన నొప్పి నివారక పదార్థాలను తయారు చేసుకుంటుందని స్కాట్లాండ్‌లోని అబర్డీన్ పరిశోధకులు హ్యూస్, కోస్టర్లిట్జ్ కనుగొన్నారు. 1977లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో చేతి సూదితో తగ్గిన పంటినొప్పి, ఆ పదార్థాల పనిని అడ్డుకునే నలొక్సోన్ ఇవ్వగానే మరల తెలియసాగింది. అంటే, సూది తాను మందును లోనికి పంపదు; లోపలనున్న మందును బయటికి రప్పిస్తుంది. 2010లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో సూది గుచ్చి త్రిప్పిన చోట అడెనోసిన్ అనే పదార్థం విడుదలై స్థానికంగా నొప్పిని తగ్గిస్తున్నట్లు గమనించారు.

పరీక్షకు నిలిచినదెంత?

నొప్పి మనసుతో కూడ ముడిపడి ఉన్నది. వైద్యుడు శ్రద్ధగా మాట్లాడి, అరగంట పడుకోబెట్టి చూసుకుంటేనే కొంత తగ్గుతుంది. ఇందులో సూది మహిమ ఎంత? దీనిని తేల్చడానికి పరిశోధకులు 'ఉత్తుత్తి సూది'ని వాడతారు. తప్పు స్థానంలో పైపైన గుచ్చడమో, గుచ్చినట్లు అనిపించే మొండి సూదిని ఆనించడమో చేసి, అసలు చికిత్సతో పోలుస్తారు.

ఇటువంటి 29 ప్రయోగాలలోని సుమారు 18,000 మంది వివరాలను కలిపి 2012లో ఒక విశ్లేషణ వెలువడింది. దాని సారాంశాన్ని ఇలా చెప్పుకోవచ్చు. నూటికి 60 పాళ్లున్న నొప్పి ఆక్యుపంక్చర్ లేనివారిలో 43కు, ఉత్తుత్తి సూది పొందినవారిలో 35కు, అసలు సూది పొందినవారిలో 30కి తగ్గింది. వెన్ను, మెడ నొప్పులు, మోకాళ్ల అరుగుదల, దీర్ఘకాలిక తలనొప్పి ఇందులో పరిశీలించిన బాధలు. 2018లో మరిన్ని ప్రయోగాలను చేర్చి చూసినపుడు, లభించిన మేలులో అధిక భాగం ఏడాది వరకు నిలిచినట్లు తెలిసింది.

జర్మనీలో 1,162 మంది నడుమునొప్పి రోగులపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలల తరువాత అసలు సూదితో 47.6 శాతం, ఉత్తుత్తి సూదితో 44.2 శాతం, మందులు, వ్యాయామాలతో కూడిన మామూలు చికిత్సతో 27.4 శాతం మంది మెరుగయ్యారు. మామూలు చికిత్స కంటె సూది మేలని కనిపిస్తున్నది. అదే సమయంలో, సూది సరిగా ఏ స్థానంలో పడిందన్నది మనం అనుకున్నంత ముఖ్యం కాదేమోనన్న ప్రశ్న కూడ లేచింది. పార్శ్వపు తలనొప్పి విషయంలో 2016 నాటి సమీక్ష ప్రకారం, నొప్పి వచ్చే రోజులు సగానికి తగ్గినవారు ఆక్యుపంక్చర్ పొందినవారిలో నూటికి 41 మంది కాగా, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో 17 మంది.

ఇవే ఆధారాలను చూసి రెండు దేశాలు రెండు విధాలుగా తీర్పు చెప్పాయి. ఉత్తుత్తి సూదికి, అసలు సూదికి తేడా స్వల్పమన్న కారణంతో ఇంగ్లండు 2016లో నడుమునొప్పి సిఫారసుల నుండి దీనిని తొలగించింది. అమెరికా ప్రభుత్వ మెడికేర్ పథకం 2020 జనవరిలో దీర్ఘకాలిక నడుమునొప్పికి 90 రోజులలో 12 పర్యాయాల వరకు ఖర్చు భరించడానికి అంగీకరించింది. నొప్పి మాత్రలకు, ముఖ్యంగా నల్లమందు జాతి మందులకు అలవాటుపడినవారి సమస్య ఆ దేశాన్ని ఆ దిశగా నడిపించింది. ఈ రెండు నిర్ణయాలలోను న్యాయం ఉన్నదని నాకనిపిస్తుంది.

చికిత్స జరిగే తీరు

మొదటి రోజు వైద్యుడు నా రిపోర్టులన్నీ చూసి, నాడి పట్టి, నాలుక చూసి, బోర్లా పడుకోమన్నారు. సీలు వేసిన పొట్లం నా ఎదుటే చింపి సూదులు తీశారు. ఇంజెక్షన్ సూది వలె బోలుగా ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన సన్నని తీగ, ఇంచుమించు పావు మిల్లీమీటరు మందం. గుచ్చినపుడు చీమ కుట్టినట్లు ఉంటుంది. తరువాత సూదిని మెల్లగా త్రిప్పగా లోపల బరువుగా, లాగినట్లుగా, కొంచెం తిమ్మిరిగా తోచింది. చైనావారు దీనిని 'డీ-చీ' అంటారు. సూది పనిచేస్తున్నదనడానికి గుర్తుగా భావిస్తారు. నడుము వద్ద, మోకాలి వెనుక మడతలో, చీలమండ ప్రక్కన మొత్తం పది సూదులు. అరగంట కదలకుండా పడుకోవాలి. నేను నిద్రపోయాను.

వారానికి రెండు పర్యాయాల చొప్పున పది పర్యాయాలు సాగింది. మూడవసారి వరకు ఏ మార్పూ లేదు. ఐదవసారి తరువాత రాత్రి ప్రక్క మీద ఇటునుండి అటు తిరగడం తేలికైంది. పదవసారికి నొప్పి మాయం కాలేదు గాని సగానికి తగ్గింది. ఆ ఊరటలోనే వ్యాయామాలు చేయగలిగాను. మాత్రలు మానేశాను.

నేను చేసిన పొరపాటు

ఊరట పొందినవాడు ఊరుకోడు. క్యాంటీన్‌లో అడిగినవారికి, అడగనివారికి చెప్పసాగాను. మా విభాగంలోనే నా కంటె పదిహేనేళ్లు చిన్నవాడైన సహోద్యోగి వెన్నునొప్పితో బాధపడుతుంటే, "ఆ మాత్రలు మానెయ్యవయ్యా, సూదుల దగ్గరకు పో" అన్నాను. "ముందు డాక్టరుకు చూపించు" అన్న ఒక్క మాట చేర్చలేదు. అతడు నేను వెళ్లిన వైద్యుని వద్దకు కాక, ఇంటికి దగ్గరలో సూదులు వేసే వేరొకరి వద్దకు వెళ్లాడు. అక్కడ ఎక్స్-రే అడిగినవారు లేరు. సూదులు వేసిన రోజున కొంత తేలికగా ఉండేది. అందుచేత మూడు నెలలు తిరిగాడు.

ఒక ఆదివారం వారింటికి వెళ్లినపుడు అతని భార్య నాతో అన్నది: "అన్నయ్యగారూ, సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతున్నది. ప్యాంట్లన్నీ వదులైపోయాయి. నొప్పితో రాత్రి నిద్రే ఉండటం లేదు. సూదులకు ఇలా చిక్కిపోతారా?" ఆ మరునాడే ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఎం.ఆర్.ఐ.లోను, తరువాతి పరీక్షలలోను వెన్నెముకకు క్షయ అని తేలింది. అప్పటికే కాళ్లలో పట్టు సడలుతున్నది. మరికొంత ఆలస్యమైతే నడక పోయేదని వైద్యులన్నారు. ఏడాదికి పైగా మందులు వాడి కోలుకున్నాడు. ఇప్పుడు తేలికపాటి పనిలో ఉన్నాడు. "గురువుగారూ, మీకు తగ్గింది కదా, నాకూ తగ్గుతుందిలే అనుకున్నాను" అన్న అతని మాట నన్నింకా వదలలేదు.

సూది నొప్పిని తగ్గించగలదు. నొప్పి ఎందుకు వచ్చిందో చెప్పజాలదు. అతనికి కలిగిన ఆ కొద్దిపాటి ఊరటే అసలు రోగాన్ని మూడు నెలలు కప్పిపెట్టింది.

గుర్తుంచుకోవలసినవి

ఈ క్రింది లక్షణాలలో ఏది ఉన్నా ముందుగా వైద్యపరీక్ష జరగాలి: నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం; విశ్రాంతిలోను, రాత్రివేళ అధికమయ్యే నొప్పి; కాళ్లలో బలహీనత, మొద్దుబారడం; మలమూత్రాలపై అదుపు తప్పడం; క్రిందపడిన తరువాత వచ్చిన నొప్పి; పూర్వం క్యాన్సర్ ఉన్నవారికి కొత్తగా వచ్చిన నొప్పి; అకస్మాత్తుగా వచ్చిన తీవ్రమైన తలనొప్పి. ఛాతీలో నొప్పి వస్తే సూదుల మాట తలపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రతిసారీ కొత్త, ఒక్కసారి మాత్రమే వాడి పారవేసే సూదులనే అనుమతించాలి. వాడిన సూదుల వల్ల హెపటైటిస్-బి వంటి వ్యాధులు సంక్రమించే ప్రమాదమున్నది. పొట్లం మీ ఎదుట చింపమని అడగడానికి మొగమాటపడవద్దు.

వైద్యుని శిక్షణ, అర్హతలు తెలుసుకోవాలి. జర్మనీలో 2,29,230 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన నివేదికలో నూటికి 8.6 మందికి చిన్నచిన్న ఇబ్బందులు కలిగాయి. ఎక్కువ భాగం కొద్దిపాటి రక్తస్రావం, కమిలిన మచ్చలు. సూది లోతుగా దిగి ఊపిరితిత్తి పొరలోకి గాలి చేరిన సందర్భాలు రెండు. నిపుణుని చేతిలో ఇది సురక్షితమే. అనుభవం లేని చేతిలో ఛాతీ, భుజాల వద్ద సూది ప్రమాదకరం.

గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి మధ్యనున్న స్థానం వంటి కొన్నింటిని గర్భిణులకు సంప్రదాయంగా వాడరు. పేస్‌మేకర్ ఉన్నవారు సూదులకు విద్యుత్తు కలిపే పద్ధతికి దూరంగా ఉండాలి. ఖాళీ కడుపుతో వెళ్లరాదు. కొందరికి కళ్లు తిరుగుతాయి. మధుమేహానికి, రక్తపోటుకు వాడుతున్న మందులను ఎవరు చెప్పినా స్వయంగా మానరాదు. ఆరు నుండి పది పర్యాయాలలో గుణం కనిపించకపోతే, మరి పది కొనసాగించడం కంటె మీ వైద్యునితో మరల మాట్లాడడం ఉచితం.

నా నడుము నేటికీ పూర్తిగా బాగుపడలేదు. అరిగిన డిస్కును సూది తిరిగి పూయించదు. ఉదయం ఇరవై నిమిషాల వ్యాయామం, కూర్చునే తీరులో మార్పు, గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడం నన్ను కాపాడుతున్నాయి. ఎప్పుడైనా నొప్పి పెరిగితే డాక్టరుగారికి చూపించి, ఆయన సరేనన్న తరువాతనే సూదులకు వెళుతున్నాను. ఈ మధ్య క్యాంటీన్‌లో ఎవరైనా సూదుల సంగతి అడిగితే, నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "డాక్టరుకు చూపించావా?" మీ ఇంటిలో నొప్పితో బాధపడేవారిని మీరు కూడ మొదట ఆ ప్రశ్నే అడగండి. వారి సమాధానంతో పాటు, ఇంటిలో వారిని దగ్గరగా చూస్తున్నవారి మాట కూడ వినండి.